దొరబాబు గారి ఇంటి మార్పిడి

దొరబాబు గారిలో వంక పెట్టడానికి ఏమీ లేదు, ఒక్కటి తప్ప. పాత వస్తువు ఇవ్వకుండా ఆయన కొత్త వస్తువు కొనరు. ఇచ్చిన పాత వస్తువు ఎవరింటికి చేరుతుందో తేలందే చెయ్యి వదలరు. చేరాక, ఆ ఇంటికి వెళ్లి దాన్ని పలకరించి రాకుండా ఉండలేరు.

రామచంద్రపురంలో కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు ఆయన. చుట్ట ముట్టరు, పేక పట్టరు, ఎవరితోనూ మాట పడరు. అందుకని భార్య వెంకటదుర్గ ఈ ఒక్క జబ్బునీ మొదట్లో తేలిగ్గానే తీసుకుంది. పుట్టింట్లో అక్కచెల్లెళ్లు కూర్చుని తమ తమ మొగుళ్ల గురించి చెప్పుకునేవి వింటే, పాత కుక్కర్ని చూడ్డానికి కాకినాడ వెళ్లే మొగుడు నయమే అనిపించేది.

కుక్కరు సంగతి తొంభై ఒకటిలో జరిగింది. కాకినాడలో ఒక సామాన్ల కొట్లో పాతది తెస్తే కొత్తదాని మీద తగ్గిస్తామని బోర్డు పెట్టారు. వెంకటదుర్గ పాత కుక్కర్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది. కొట్టాయన దాన్ని ఓసారి తిప్పి చూసి తక్కెట్లో పడేశాడు. అది ఎవరికిస్తారని దొరబాబు గారు అడిగారు. ఎవరికీ ఇవ్వం, కరిగించేస్తామని కొట్టాయన చెప్పాడు. దొరబాబు గారు కుక్కర్ని తక్కెట్లోంచి తీసి సంచిలో పెట్టుకున్నారు.

"తొమ్మిదేళ్లు పప్పు ఉడికించిందండి ఇది. ఈల ఒక్కటే కాస్త ఆలస్యం. దానికే కరిగించేస్తారా?" అన్నారు, మెట్లు దిగుతూ.

మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుగు కొట్లు తిరిగారు. ఐదో కొట్టాయన, దాన్ని బాగుచేయించి తమ దగ్గర సామాన్లు తుడిచే ఆవిడకి ఇస్తానన్నాక గానీ శాంతించలేదు. ఆవిడ పేరూ, ఉండే పేటా కాగితమ్మీద రాయించుకున్నారు. నెల తిరక్కుండానే ఆఫీసు పని మీద కాకినాడ వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ, బావుంది, ఈల ఇప్పుడు టైముకే వస్తోంది అన్నారు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వెంకటదుర్గకి అర్థమవడానికి కాసేపు పట్టింది.

తొంభై ఆరులో లూనా ఇచ్చి స్కూటరు తీసుకున్నారు. లూనా కొనడానికి వచ్చిన మొదటివాడు టైరుని కాలితో తన్ని చూశాడు. తన్ని చూసేవాడు దాన్నేం చూసుకుంటాడని దొరబాబు గారు ఆ బేరం చెడగొట్టారు. రెండోవాడు బేరం మొత్తం నిలబడే ఆడాడు, ఒక్కసారైనా బండి ఎక్కి కూర్చోలేదు. వాడూ పనికిరాలేదు. చివరికి అది ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్లలో రస్కులూ రొట్టెలూ అమ్ముకునే గణేష్‌బాబు చేతికి వెళ్లింది. అక్కణ్నించీ నెలకో ఆదివారం దొరబాబు గారు సంచి ఒకటి స్కూటరుకి తగిలించుకుని, ఓసారి లూనాని చూసొస్తానని బయల్దేరేవారు. సోమవారం ఆఫీసులో ఆయన సంతకం పెట్టేలోపే నలుగురూ వరసగా అడిగేవారు, లూనా కులాసాయేనా అని. ఆయన ఆ వెటకారం కనిపెట్టేవారు కాదు. చెయిను కొంచెం వదులయిందండి, మిగతా అంతా బానే ఉంది అని చెప్పేవారు.

టీవీ దగ్గర వెంకటదుర్గ ఓపిక మొదటిసారి సన్నగిల్లింది. ఇంటికి రంగుల టీవీ వచ్చింది. పాత తెలుపు నలుపు టీవీ వీధి చివర జాకెట్లు కుట్టే పాపాయి ఇంటికి చేరింది. తొలి వారంలో మూడు సాయంత్రాలు భార్యని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్లారు. పాపాయి కుర్చీ వేసి టీ ఇచ్చింది. దొరబాబు గారు పెంకుల మీదకెక్కి యాంటెనా తిప్పుతూ, బొమ్మ వచ్చిందా, ఇప్పుడొచ్చిందా అని పైనుంచి అడుగుతున్నారు. ఇంట్లో రంగుల టీవీకి దుప్పటి కప్పి, ఇక్కడ కూర్చుని చుక్కలు చూస్తున్నానేమిట్రా భగవంతుడా అని వెంకటదుర్గ మనసులో అనుకుంది. ఆ మాటే ఇంటికొచ్చాక పైకి అంది. పాపం, కొత్త చోటు కదా, అలవాటు పడేదాకా అన్నారాయన. అలవాటు పడాల్సింది టీవీయో పాపాయో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

ఇలాంటి మనిషి చేతికి రెండు వేల మూడులో ఒక కరపత్రం వచ్చింది.

భీమవరం వైపు నుంచి సుబ్బరామరాజు గారని ఒకాయన వచ్చి, కాకినాడ రోడ్డులో మూతపడ్డ రైసుమిల్లు స్థలం కొన్నారు. రొయ్యల చెరువుల్లో చేతులు కాల్చుకుని, చెరువుల కన్నా ఇటుకలు నయమని ఇళ్ల వ్యాపారంలోకి దిగిన మనిషి. ఎనిమిది కొత్త ఇళ్లు వరసగా కట్టారు. చూసినవాళ్లందరూ బావున్నాయన్నారు గానీ ఎవరూ కొనలేదు. ఊళ్లో జనం డబ్బంతా వాళ్లుంటున్న పాత ఇళ్లలోనే ఉంది మరి. అది గ్రహించి రాజు గారు పేపర్లలో కరపత్రాలు పెట్టించారు. మీ పాత ఇల్లు మాకివ్వండి, దాని విలువ కట్టి తీసేసుకుంటాం, మిగతాది మాత్రం కట్టి కొత్త ఇంటి తాళాలు పట్టుకెళ్లండి అని.

దొరబాబు గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. టీ మీద మీగడ కట్టింది. ఇన్నాళ్లూ కుక్కర్లూ లూనాలూ మార్చుకోవడం దీని కోసం చేసిన సాధకంలా ఉంది ఆయన వాలకం.

విచిత్రంగా ఈసారి వెంకటదుర్గకీ ఉత్సాహం వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆ పెంకుటింట్లో ఆవిడ పడని పాటు లేదు. వాన పడితే వీధిలో నీళ్లు గడప దాటి పలకరించేవి. స్నానాల గది పెరటి చివర. కొత్త ఇళ్లలో ఒకటో నంబరు మూలది, తూర్పు ముఖం. వంటింటి కిటికీ తీస్తే వరిచేలు, వాటి మీంచి గాలి. ఆవిడ నాలుగుసార్లు వెళ్లి చూసింది. పొయ్యి ఎక్కడ, బియ్యం డబ్బా ఎక్కడ, తాను కూర్చుని కూర తరుక్కునే పీట ఎక్కడ, అన్నీ నిర్ణయించేసుకుంది.

పాత ఇంటికి విలువ కట్టడానికి సుబ్బరామరాజు గారు స్వయంగా వచ్చారు. ఇలాంటప్పుడు ఎవరైనా గోడ పగులు మీద క్యాలెండరు తగిలిస్తారు. దొరబాబు గారు ఉన్న క్యాలెండరు తీసి పగులు చూపించారు. ఇదిగోనండి, ఇక్కడ చెమ్మ వస్తుంది అన్నారు. ఈ మూల ఆరుద్ర కార్తెలో కారుతుంది, ఆ మూల తుఫానుకి మాత్రమే కారుతుంది అన్నారు. దూలం మీద చెదల జాడ కనబడక రాజు గారు ముందుకెళ్లిపోతుంటే, చెయ్యి పట్టి వెనక్కి తీసుకొచ్చి టార్చిలైటు వేసి మరీ చూపించారు. వంటింటి గుమ్మంలోంచి వెంకటదుర్గ చేతులతో సైగలు చేసింది, కళ్లతో చేసింది, చివరికి గిన్నె కింద పడేసింది. ఆయన అటు తిరగలేదు.

"దొరబాబు గారండి, మీరు ఇల్లిస్తున్నారా, తీసుకోవద్దని చెప్తున్నారా?" అని రాజు గారు అడిగేశారు.

"ఉన్నది చెప్పాలి కదండి. రేపు ఉండబోయేవాళ్లు మనల్ని అనుకోకూడదు," అన్నారు ఈయన.

ఉన్నదంతా చెప్పేసరికి విలువ కిందకి దిగింది. విలువ దిగేసరికి ఒకటో నంబరు అందకుండా పోయింది. ఏడో నంబరు మిగిలింది. పడమటి ముఖం, సాయంత్రం ఎండ మొత్తం వరండాలోనే కాపురం, గేటు ఎదురుగా కరెంటు ట్రాన్స్‌ఫార్మరు. వెంకటదుర్గ ఆ రాత్రి అన్నం వడ్డించి, పప్పు తనే వేసుకోమంది. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి.

అక్కడితో అయిందా అంటే, అసలు పేచీ అప్పుడే మొదలైంది. తన ఇల్లు ఎవరికి వెళ్తుందో చెబితే గానీ కాగితాల మీద సంతకం పెట్టనన్నారు దొరబాబు గారు. సుబ్బరామరాజు గారు మొదట నవ్వారు. కాసేపటికి, నవ్వుతున్నది తానొక్కడేనని గ్రహించారు. సరేనండి, వచ్చినవాళ్లని మీకు చూపించే ఇస్తానని ఒప్పుకున్నారు.

వీధిలో వాళ్లకీ ఈ సంగతి పొక్కింది. పక్కింటి సుబ్బాయమ్మ గారు మరో నలుగురిని వెంటేసుకొచ్చి, అమ్మితే మనవాళ్లకే అమ్మాలి, ఎవరికి పడితే వాళ్లకిచ్చి వీధి మర్యాద తీయొద్దని చెప్పింది.

"నేను అమ్మడం లేదండి, మార్చుకుంటున్నాను. అమ్మేది రాజు గారు," అన్నారు దొరబాబు గారు వినయంగా. ఆ జవాబులో తప్పేమిటో పట్టుకోలేక వాళ్లు మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

ఇంటిని చూడ్డానికి ఒక బట్టల వ్యాపారి వచ్చాడు. మూటలు పెట్టుకుంటానన్నాడు. మనుషులుండని ఇంటికి ఏం తోస్తుందండి అని దొరబాబు గారు ఆయన్ని పంపేశారు. ఒక ఆఫీసరు వచ్చాడు. పెరట్లో నిమ్మచెట్టు కొట్టేసి కారు షెడ్డు వేస్తానన్నాడు. ఆయనా వెళ్లిపోయాడు. మూడో ఆయనలో ఏ వంకా దొరక్క, మీరు ఇల్లంతా చూశారు గానీ నూతిలోకి తొంగి చూడలేదండి అని ఆయన్నీ పంపేశారు. రెండు నెలలు గడిచాయి. నెలాఖరుకి తేల్చకపోతే ఏడో నంబరు కూడా ఇంకొకళ్లకి ఇచ్చేస్తానని సుబ్బరామరాజు గారు కబురు పెట్టారు. అది విన్నాక వెంకటదుర్గ మొగుడితో మాట్లాడడం మానేసింది. చెప్పవలసింది గోడకి చెప్పేది. గోడా, ఉప్పు అయిపోయింది. గోడా, మీ తమ్ముడు ఫోన్ చేశాడు.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా రాజు గారు దీనమ్మ పేరు చెప్పారు. దొరబాబు గారు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, సరేనండి అన్నారు. వెంకటదుర్గకి మతిపోయింది.

దీనమ్మ ఊళ్లోని సర్కారు ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు కాన్పుల వార్డులో ఆయాగా చేసి రిటైరైంది. ఊళ్లో సగం మంది ఈ లోకంలోకి వచ్చి మొట్టమొదట చూసింది ఆవిడ మొహమే. వెంకటదుర్గ కూతురు పుట్టినప్పుడు రెండు రోజులు నొప్పులు పడుతుంటే, డ్యూటీ అయిపోయినా ఇంటికెళ్లకుండా మంచం పక్కనే కూర్చుంది. ఆ తర్వాత దొరబాబు గారు చీర పట్టుకెళ్తే, జీతం తీసుకుని చేసిన పనికి చీరెందుకండీ అని వెనక్కి పంపేసింది. ఎవరి దగ్గరా ఊరికే గుక్కెడు కాఫీ కూడా తాగని మనిషి. క్వార్టర్సు ఖాళీ చేశాక ఏడాదిలో మూడు అద్దె ఇళ్లు మారింది. కాన్పుకి పిలవాల్సి వస్తే అర్ధరాత్రైనా ఆవిడ గుమ్మం తట్టేవాళ్లే, ఇల్లు అద్దెకి అడిగితే మాత్రం, మా చుట్టాలొస్తున్నారమ్మా అనేవాళ్లు.

అటువంటి మనిషి ఇల్లు కొనుక్కుంది. సుబ్బాయమ్మ గారు సుబ్బరామరాజు గారి దగ్గరికి వెళ్లి అరిచింది. ఆయన నమస్కారం పెట్టి, నేను భీమవరం వాణ్నండి, మీ వీధి మర్యాదలు నాకు తెలియవు, రిజిస్ట్రేషను కూడా అయిపోయిందండి అన్నారు. మరో నెలకి సుబ్బాయమ్మ గారే మోకాలు వాచిందని కుంటుకుంటూ దీనమ్మ అరుగు మీదకి వెళ్లి కూర్చుందని వార్త వచ్చింది.

ఏడో నంబరులో గృహప్రవేశమైంది. గోడకి విముక్తి దొరికింది. మొగుడూ పెళ్లాలు మళ్లీ మాట్లాడుకుంటున్నారు. అయితే ప్రతి ఆదివారం పొద్దున్నే దొరబాబు గారు సంచి తగిలించుకుని, ఓసారి ఇంటిని చూసొస్తానని వెళ్లిపోతున్నారు. కొత్త ఇంట్లో మేకు కొట్టే దిక్కు లేదు, పాత ఇంటి మీద ప్రేమ ఒలకబోస్తున్నారని వెంకటదుర్గ మండిపడేది.

ఇలా ఉండగా, వీధి తలుపు బిగిసిపోతోందని కబురు పెడితే ఒక సాయంత్రం సుబ్బరామరాజు గారు వడ్రంగిని తీసుకుని వచ్చారు. ఎండ సూటిగా ఆయన మొహం మీదే పడింది. వెంకటదుర్గ అదే అదనుగా, ఒకటో నంబరు ఇస్తే మాకీ అవస్థ ఉండేది కాదు కదండి అని నిష్ఠూరమాడింది.

"అది మీ చేతిలోంచి ఎలా జారిందో మీకు తెలియదాండి?" అన్నారు రాజు గారు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

తర్వాత ఆయన చెప్పుకుంటూ పోయారు. పాత ఇంటికి ఆయన ముందు కట్టిన విలువ చాలా బావుందట. దొరబాబు గారే ఒక్కో పగులూ, ఒక్కో చెదపురుగూ చూపించి, దీనమ్మ కొనగలిగేటంత దాకా దించారట. ఎంత తగ్గించి తీసుకుంటే అంతే తగ్గించి ఆవిడకివ్వాలని, సంతకం పేచీ వచ్చిన రోజే చాటుగా మాట తీసుకున్నారట. ఆవిడ రిటైర్మెంట్ డబ్బు చేతికి రావడానికి రెండు నెలలు పట్టేలా ఉంటే, అందాకా వచ్చినవాళ్లందరికీ వంకలు పెట్టారట.

"రొయ్యలమ్మాను, చెరువులమ్మాను, ఇళ్లమ్ముతున్నానమ్మా. తన సొత్తుని తనే తిట్టి బేరం దించుకున్న మనిషిని ఈయన్నే చూశాను. దీనమ్మ గారికి తెలియకూడదని ఒట్టేయించుకున్నారండి. మీకు తెలుసనే అనుకున్నాను నేను," అని రాజు గారు నాలిక్కరుచుకున్నారు.

వెంకటదుర్గ ఆయనకి కాఫీ ఇచ్చింది గానీ, అందులో పంచదార వేసిందో లేదో తెలియదు. కోపం ముంచుకొచ్చింది. దీనమ్మకి ఇచ్చినందుక్కాదు. తనకి చెబితే తాను వద్దనేదా? ఆ రెండు రోజుల నొప్పులు పడింది తాను. ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషిని తాను మర్చిపోతుందా? పైగా గోడతో మాట్లాడిన రోజులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది, సిగ్గు మళ్లీ కోపమైంది. అది నాలుగు రోజులు దాచుకుని, ఆదివారం ఆయన వెళ్లిన అరగంటకి రిక్షా మాట్లాడుకుని పాత ఇంటికి బయల్దేరింది. అనవలసిన మాటలు దారి పొడుగునా సిద్ధం చేసుకుంది.

గేటు పక్కన కొత్తగా నల్లపలక ఉంది. దీనమ్మ, సొంత ఇల్లు అని తెల్లరంగుతో రాసి ఉంది. దొరబాబు గారు పైకప్పు మీద కూర్చుని పెంకు మారుస్తున్నారు. పెళ్లాన్ని చూసి, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా పెంకు వెనక్కి తల వంచుకున్నారు.

దీనమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. వెంకటదుర్గ నోరు విప్పేలోపే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసింది.

"మంచి పని చేశావు, వచ్చావు. నీతోనే మాట్లాడాలనుకుంటున్నానమ్మా. మీ ఆయన్ని నువ్వు కాస్త కనిపెట్టి ఉండాలి," అంది మెల్లగా.

ఏమైందని వెంకటదుర్గ అడిగింది.

"ఇల్లు వదల్లేకపోతున్నారమ్మా. మొదటి వారం ఏదో మర్చిపోయానని వచ్చారు. తర్వాత నిమ్మచెట్టు చూడాలన్నారు. ఇప్పుడు ఏమీ చెప్పడం లేదు, తిన్నగా వచ్చి నిచ్చెనెక్కేస్తున్నారు. పోయిన వారం పంపు బాగుచేశారు. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. నా సంగతి తెలుసు కదా, నేను ఎవరి సాయమూ పుచ్చుకోను. ఈ ఇల్లు కూడా రాజు గారితో గీచి గీచి బేరమాడి, నా డబ్బుతో కొనుక్కున్నాను. కానీ ముప్ఫై ఏళ్లు ఆస్పత్రిలో చూశాను, ఇది మందులకి తగ్గే బాధ కాదు. పోనీ పాపం, ఎక్కి దిగితే ఆయన మనసు కుదుటపడుతుందేమోనని ఊరుకుంటున్నాను."

వెంకటదుర్గ దారిలో సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఒక్కసారిగా గొంతు దాకా వచ్చాయి. రాజు గారితో గీచి గీచి బేరమాడాను అన్నప్పుడు దీనమ్మ మొహంలో కనిపించిన వెలుగు చూడగానే, వచ్చినవి వచ్చినట్టే వెనక్కి పోయాయి. పైనుంచి పెంకు సర్దుతున్న చప్పుడు వినిపించింది. పాపాయి ఇంటి కప్పు మీద యాంటెనా తిప్పిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. పాపాయి మొగుడు చనిపోయిన ఏడాదే ఆ టీవీ ఆవిడ ఇంటికి చేరిందని ఇప్పుడు తట్టింది. గణేష్‌బాబు కాలు విరిగి సైకిలు తొక్కలేకపోయిన రోజుల్లోనే లూనా వెళ్లింది. ఇన్నేళ్లూ తాను వస్తువులనే లెక్కపెట్టింది గానీ మనుషుల్ని చూడలేదు.

ఆవిడ పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఏం చెప్పమంటారు దీనమ్మ గారూ. పెళ్లయిన కొత్త నుంచీ ఇంతే. చూపించని చోటు లేదు. మీరే కాస్త ఓపిక పట్టాలి," అంది.

"అయ్యో, దానికేమమ్మా. అలాంటివాళ్లని విసుక్కోకూడదు," అని దీనమ్మ ఆవిడ భుజం తట్టింది. ఇద్దరికీ టీ పెట్టింది. వెంకటదుర్గ పంచదార తక్కువైందని చెప్పి మరీ మరో చెంచా వేయించుకుని తాగింది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ స్కూటరు మీద బయల్దేరారు. కాలవ గట్టు ఎక్కాక దొరబాబు గారు, వెనక్కి తిరక్కుండానే, దీనమ్మ గారు లోపలికి తీసుకెళ్లి ఏమన్నారని అడిగారు.

"మీకు పిచ్చన్నారు."

ఆయన బండి నెమ్మది చేశారు. "నువ్వేమన్నావు?"

"అవునన్నాను. ముదిరిందని కూడా చెప్పాను."

దొరబాబు గారి భుజాలు కిందకి దిగాయి. ఎన్నాళ్లుగానో మోస్తున్న బస్తా రెండో కొసని ఎవరో వచ్చి పట్టుకున్నట్టు. రాజు గారు ఇంటికొచ్చినప్పుడు అంతా చెప్పేశారని అప్పుడు అర్థమైందేమో, తలుపు బాగానే చేసి వెళ్లారా అని మాత్రం అడిగారు. చేశారంది ఆవిడ.

"వచ్చే ఆదివారం నేనూ వస్తాను. ఈ స్థితిలో మిమ్మల్ని ఒక్కరినీ పంపొద్దని దీనమ్మ గారు మరీ మరీ చెప్పారు," అంది, ఆయన భుజమ్మీద చెయ్యి వేసి.

ఆయన గేరు మార్చడం మర్చిపోయి, కాలవ గట్టు పొడుగునా రెండో గేరులోనే నడిపారు. వెనక నుంచి వచ్చిన సైకిళ్లు ఒక్కొక్కటే వాళ్లని దాటి వెళ్లిపోయాయి.